వీసా కాగితం చదివించుకోండి!

ఈ వారం వంట సంగతి కాస్త పక్కన పెడుతున్నాను చెల్లెళ్ళూ, ఏమీ అనుకోకండి. మొన్న పప్పు పొయ్యిమీద పెట్టానో లేదో, మా చండ్రుగొండలోనే మా వీధి అమ్మాయి ఒకతె కాగితం పట్టుకుని వచ్చింది.

"పిన్నీ, కువైట్ వీసా వచ్చింది. ఏం రాశారో చదివి పెట్టవూ?" అంది. మిరప పంట దెబ్బతిని అప్పు మిగిలింది వాళ్ళకు. ఏజెంటు కోసం పుస్తెలతాడు కూడా తాకట్టు పెట్టిందట.

నేను చదివింది ఇంటరే. అయినా కూడబలుక్కుని చూస్తే అది విజిట్ వీసా! చుట్టపుచూపుగా వెళ్ళి రావడానికే గాని, పని చేసుకోవడానికి కాదు. "వెళ్ళాక మార్పిస్తామన్నారు పిన్నీ" అంది పాపం.

ఇలా ఎందుకు పంపుతారో తెలుసా? పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. కిందకి వస్తుంది. వాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆడవాళ్ళకయితే 30 ఏళ్ళు కూడా నిండాలి. ఈ అమ్మాయి చదువు ఏడు, వయసు 27. అనుమతి రాదు గనుక దొడ్డిదారి!

అక్కడ అకామా లేకపోతే జరిమానా పెరుగుతూ పోతుంది. జీతం ఎగ్గొట్టినా పోలీసుల దగ్గరికి పోవడానికి భయం. 2018లో, మళ్ళీ 2024లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించాకే ఇలాంటి వాళ్ళు ఎందరో ఇల్లు చేరగలిగారు.

వెళ్ళొద్దని నేననను. అప్పు ఉన్నవాళ్ళ బాధ వాళ్ళది. కాని ఇవి మరచిపోకండి:

ఇ.సి.ఆర్. ఆడవాళ్ళను ఇంటిపనికి పంపవలసింది ప్రభుత్వ సంస్థలే. మన తెలంగాణలో టామ్‌కామ్ ఉంది, అక్కడే అడగండి.

మగవాళ్ళు వెళుతుంటే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూపించుకోండి. ఫీజు 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి., అంతే. రసీదు లేకుండా పైసా ఇవ్వకండి.

ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోండి. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో ప్రాణం పోయినవారి ఇంటికి 10 లక్షలు వస్తాయి.

ఆ అమ్మాయి మర్నాడే వెళ్ళి, గట్టిగా అడిగి పాస్‌పోర్టు తెచ్చుకుంది. డబ్బు మాత్రం ఇంకా చేతికి రాలేదు, తాడు తాకట్టులోనే ఉంది. ఆ కాగితం డబ్బు కట్టకముందే నా దగ్గరికి తెస్తే ఎంత బాగుండేది!

మీ ఇంటి పక్కన ఎవరైనా ఇలా కాగితం పట్టుకుని వస్తే, పప్పు మాడినా సరే, చదివి చెప్పండమ్మా.