రెండంగుళాల నీటి కావలి

వేసవి సెలవులు ముగిసి కుటుంబాలు స్వగ్రామాల నుండి క్వార్టర్లకు తిరిగివచ్చే జూన్ మాసంలో, సివిల్ మెయింటెనెన్స్ విభాగపు ఫిర్యాదుల పుస్తకంలో ఏటా ఒకే వాక్యం పదేపదే కనిపిస్తుంది: "స్నానాల గదిలో దుర్వాసన వస్తున్నది, డ్రైనేజీ మూసుకుపోయినట్లున్నది." ప్లంబరు వెళ్ళి చూస్తే చాలా ఇళ్ళలో మూసుకుపోయినదేదీ ఉండదు. జరిగినది అందుకు పూర్తిగా విరుద్ధం. మూసి ఉండవలసిన దారి తెరుచుకున్నది.

స్నానాల గది మూలన నేలపై కనిపించే జాలీ క్రింద నహానీ ట్రాప్ ఉంటుంది. వాడిన నీరు పోయిన తరువాత కూడా దాని వంపులో కొంత నీరు ఎల్లప్పుడూ నిలిచి ఉండాలి. దీనినే వాటర్ సీల్ అంటారు. దీని లోతు 50 మిల్లీమీటర్లకు, అనగా సుమారు రెండంగుళాలకు, తగ్గరాదని మన నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతున్నది. మురుగు గొట్టానికీ మన పడకగదికీ మధ్య ఉన్న అడ్డుగోడ ఈ రెండంగుళాల నీరే. వంపు తిరిగిన గొట్టంలో నీటిని నిలిపి వాయువును అడ్డగించే ఈ ఏర్పాటుకు 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు లండన్‌లో పేటెంటు పొందినాడు. అంతకన్న చవకైన ఉపాయం నేటికీ లేదు.

మురుగులో పుట్టే వాయువులలో కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేసేది హైడ్రోజన్ సల్ఫైడు. అత్యల్ప పరిమాణంలోనే ముక్కు దీనిని పసిగడుతుంది. కాని గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాలు చేరేసరికి ఘ్రాణశక్తే మొద్దుబారుతుంది. ఇంటి నేల జాలీ నుండి అంత మోతాదు రావడం అరుదు. మ్యాన్‌హోల్‌లోను, సెప్టిక్ ట్యాంకులోను అది సాధారణమే. మీథేనుకు వాసనే లేదు, మండే గుణం మాత్రం ఉన్నది. కనుక వాసన వస్తున్నదా లేదా అని అగ్గిపుల్ల గీచి జాలీ దగ్గర పెట్టి చూడరాదు. అగరువత్తులు, నాఫ్తలీన్ ఉండలు వాసనను కప్పిపుచ్చగలవేగాని వాయువును ఆపలేవు.

ఈ నీరు ఎందుకు పోతుంది? మొదటి కారణం ఎండ. తలుపులు మూసి ఊరికి వెళ్ళిన ఇంట్లో కొద్ది వారాలలోనే సీలు ఆవిరైపోతుంది. రెండవది మన అలవాట్లలో వచ్చిన మార్పు. పూర్వం ఉదయాన్నే బకెట్లతో నీళ్ళు కుమ్మరించి గచ్చు కడిగేవారు. ట్రాపు తనంతట తానే నిండేది. నేడు టైల్స్‌ను తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటున్నాము. అతిథులు వస్తేనే తెరిచే స్నానాల గదిలోను, బాల్కనీ మూలలోను జాలీకి నెలల తరబడి చుక్క నీరు అందదు. మూడవది మరీ విచిత్రం. కొన్ని రకాల జాలీల క్రింద బోర్లించిన చిన్న గిన్నె ఉంటుంది. నీరు మెల్లగా పోతున్నదని పనిమనిషో ఇంటివారో ఆ గిన్నెను తీసి అవతల పెడతారు. నీరు వేగంగా పోవడం నిజమే. సీలు కూడా దానితోపాటే పోతుంది!

ఇది వట్టి వాసన సమస్య అని తేలికగా తీసుకొనరాదు. 2003 మార్చిలో సార్స్ వ్యాధి ప్రబలినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే బహుళ అంతస్తుల నివాస సముదాయంలో 300 మందికి పైగా ఆ వ్యాధి బారిన పడినారు. ప్రధానంగా ఒకే బ్లాకులో కేసులు గుమిగూడడానికి కారణమేమని అధికారులు పరిశోధించినప్పుడు దృష్టి స్నానాల గదుల నేల డ్రెయిన్‌ల వైపు మళ్ళింది. అక్కడివారు నేలను కడుగక తుడిచే అలవాటు కలవారు కావడంతో ట్రాపులు ఎండిపోయి ఉన్నవి. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడు గదిలో గాలి ఒత్తిడి తగ్గి, మురుగు గొట్టంలోని తుంపరలు లోనికి లాగబడినవని నివేదికలు భావించినవి. మన ఇళ్ళలోనూ ఇప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉన్నవి. సీలు లేని చోట ఆ ఫ్యాను దుర్వాసనను బయటకు పంపదు సరికదా, గొట్టంలోని దానిని ఆహ్వానిస్తుంది.

చేయవలసినది స్వల్పమే. వాడని ప్రతి జాలీలోను వారానికొకసారి రెండు మూడు చెంబుల నీరు పోయాలి. ఊరికి వెళ్ళేముందు ట్రాపు నింపి, పైన రెండు చెంచాల లిక్విడ్ పారఫిన్ వేస్తే అది తెట్టులా తేలి నీటిని త్వరగా ఆవిరి కానీయదు. మందుల షాపులో దొరుకుతుంది. వంటనూనె కొంతకాలానికి కంపు కొడుతుంది. కొబ్బరినూనె చలికి గడ్డకట్టి దారినే మూసివేస్తుంది. నెలకు మించి ఇల్లు వదిలితే జాలీపై పాలిథీన్ షీటు పరచి టేపుతో అంటించడం మంచిది.

నీరు పోసిన మరునాటికే మళ్ళీ వాసన వస్తే కారణం వేరు. ట్రాపుకు పగులు ఉండవచ్చు, లేదా వంపులో చిక్కుకున్న వెంట్రుకల పోగు ఒత్తిలా పనిచేసి నీటిని అవతలికి లాగుతూ ఉండవచ్చు. పై అంతస్తులో ఫ్లష్ నొక్కినప్పుడు మీ జాలీలో గుడగుడ శబ్దం వినిపిస్తే వెంట్ పైపును అనుమానించాలి. డాబా మీదకు లేచిన ఆ గొట్టమే మురుగు లైనుకు శ్వాసనాళం. పక్షులు గూడు కట్టినా, ఎవరైనా మూత బిగించినా, నీరు దిగే వేగానికి ట్రాపులలోని సీళ్ళు పీల్చుకుపోతాయి. ఇది ఇంటివారు చేసుకొనే పని కాదు, ఫిర్యాదు వ్రాయించండి.

పదవీ విరమణ తరువాత నగరంలో ఫ్లాటు కొనదలచిన మిత్రులు సెల్లారును కూడా చూసి రావాలి. సెల్లారు నేల సాధారణంగా వీధి మురుగు లైను కన్న లోతున ఉంటుంది. అక్కడి డ్రెయిన్‌ను నేరుగా ఆ లైనుకు కలిపితే వానాకాలంలో మురుగు వెనుకకు తన్నుతుంది. దానిని సంపులోకి మళ్ళించి, పంపుతో ఎత్తిపోసి, గొట్టానికి నాన్‌రిటర్న్ వాల్వు అమర్చినారా అని బిల్డరును అడగండి. మురుగు చేరే సంపుకు బిగువైన మూత, పైకప్పు దాకా వెళ్ళే వెంట్ పైపు ఉండాలి. సంపు శుభ్రం చేయించడానికి లోపలికి మనిషిని దింపవద్దు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలలోను సెప్టిక్ ట్యాంకులలోను మనుషులచేత శుభ్రం చేయించడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. పైనుండి తోడే యంత్రపు లారీ అందుకే ఉన్నది.