చేత్తో కొలిచిన చుక్కలు

మిద్దె మీద – వారం వారం

ఎండకాలం రాత్రిపూట కరెంటు పోయిందంటే మా కోరుట్లలో సగం ఊరు మిద్దెల మీదే ఉంటుంది. మొన్న మేమూ ఎక్కాం. చిన్నమ్మ మాత్రం చాట వదల్లేదు. ఛార్జింగ్ లైటు పక్కన పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి చుడుతూనే ఉంది. తెల్లారితే కార్ఖానాలో వెయ్యి బీడీలు అప్పజెప్పాలి. ఇరవై అయిదుకో కట్ట, మొత్తం నలభై కట్టలు. నోరు మాతో ముచ్చట పెడుతుంటే వేళ్లు లెక్క చూసుకుంటాయి.

ఆకాశం తేటగా ఉంది. ఉత్తరాన మంచంకోళ్లు, ఆగ్నేయాన తేలు. ఊరుకోలేక నేను గయా సంగతి ఎత్తాను. యూరప్ వాళ్లు 2013 డిసెంబరు 19న పంపిన ఉపగ్రహమది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలబడి పదేళ్లకు పైగా చుక్కల్ని కొలిచి, 2025 మార్చి 27న సెలవు తీసుకుంది.

"దగ్గర దగ్గర రెండు వందల కోట్ల చుక్కలు లెక్కవెట్టింది చిన్నమ్మా!"

ఆమె తలెత్తలేదు. "అది మిషినాయె, దానికేంది బిడ్డా. చేతులతోని లెక్కవెట్టినోళ్లు ఎవలన్న ఉన్నరా, అది చెప్పు."

ఉన్నారు. అదీ ఎక్కడో కాదు, హైదరాబాద్ బేగంపేటలో.

'పైగా' అనే వంశానికి చెందిన నవాబు జఫర్ జంగ్‌కు ఆకాశం పిచ్చి. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించుకుని 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. నిజాం పేరు కలిసేలా దానికి నిజామియా అని పేరు. 1907లో ఆయన పోయాక సర్కారు దాన్ని తన చేతిలోకి తీసుకుని బేగంపేటకు మార్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. అప్పట్లో మా కోరుట్లా నిజాం రాజ్యంలోని ఊరే. ఆ ఖజానా ఎవరి చెమటతో నిండిందో కరీంనగర్ రైతు బిడ్డలకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ టెలిస్కోపులో మనకూ వాటా ఉందనుకుంటే తప్పులేదు.

ఇంతకీ చుక్కలు కొలిచే పని అక్కడికి ఎలా వచ్చిందంటారా? 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై, ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి చుక్కచుక్కనూ కొలవాలని తీర్మానించారు. అన్నదమ్ములు భూమి పంచుకున్నట్టు వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీలోని శాంటియాగో వంతుకు వచ్చింది. అక్కడ పని సాగలేదు. ఆ పొలం చివరికి హైదరాబాద్ సాగులోకి వచ్చింది. ఆ రాత్రి మా మిద్దె మీంచి కనిపిస్తున్న తేలు తల దగ్గర, అనూరాధ అని మనం పిలుచుకునే చుక్కల్లో రెండు ఆ పట్టీలోవే. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల వంతులో మిగిలిన ఉత్తరాది పట్టీ ఒకటి కూడా మనవాళ్లే తలకెత్తుకున్నారు.

చుక్కల్ని ఎలా కొలిచారన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఫొటో ఫిల్ము మీద కాదు, గాజు పలక మీద. ఆ పలక మీద పున్నమి చంద్రుడు పడితే మూడు సెంటీమీటర్ల బిళ్లంత ఉంటాడు. అలాంటి చంద్రుళ్లు నాలుగు పక్కపక్కన పట్టేంత ఆకాశం ఒక్కో పలకలో. దాని మీద అయిదేసి మిల్లీమీటర్ల ఎడంతో అడ్డగీతలు, నిలువుగీతలు అచ్చయి ఉంటాయి. సిరిసిల్లలో సాంచా మీద పడుగూ పేకా చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ గళ్లబట్టలో పొడిచిన ఒక్కో నల్లచుక్కకు సూక్ష్మదర్శిని గురిపెట్టి, పడుగు వైపు ఎంత, పేక వైపు ఎంత అని కొలిచి పుస్తకంలోకి ఎక్కించాలి. మళ్లీ పక్క చుక్క. ఆ గడి అయితే పక్క గడి. పలక అయితే ఇంకో పలక.

అలా 1946 నాటికి 12 సంపుటాల్లో 7,63,542 నక్షత్రాల స్థానాలు అచ్చయ్యాయి. చిన్నమ్మ లెక్కన రోజుకు వెయ్యి చొప్పున వేసుకుంటే రెండేళ్ల పైచిలుకు పని. వాళ్లకు మూడు దశాబ్దాలు దాటింది. ఈలోగా పోకాక్ అనే డైరెక్టరు పదవిలో ఉండగానే 1918లో కన్నుమూశాడు. ఆయన వెనక బాధ్యత తీసుకున్న భాస్కరన్ పలకల పనిని ముందుకు నడిపాడు. అక్కడే పనిచేసిన ఒక సహాయకుడి కొడుకు ఆ గుమ్మటాల నీడలో పెరిగి, తర్వాత ప్రపంచ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయనే వేణు బప్పు.

సరే, ఇదంతా పాత ముచ్చట, ఉపగ్రహాలకు దీంతో ఏం పని అంటారా? ఉంది. చుక్కలు కదులుతాయి, కాకపోతే మన కంటికి ఆనవు. ఒక మామూలు చుక్క డెబ్బై ఏళ్లలో జరిగిన దూరం ఆ గాజు పలక మీద తల వెంట్రుక మందంలో ఆరో వంతుకు అటూ ఇటూ. అంత చిన్న నడక పట్టుకోవాలంటే నిన్నటి కొలత, నేటి కొలత చాలవు. తాత కాలపు కొలత కావాలి. గయాకు అన్నలాంటి హిప్పార్కస్ ఉపగ్రహం 1989లో ఎగిరింది. మోటారు మొరాయించి అనుకున్న కక్ష్యలోకి చేరలేకపోయినా 1993 దాకా పనిచేసింది. దాని కొలతల్ని పాత పలకల కొలతలతో పోల్చి 2000లో టైకో-2 అనే పట్టిక వేశారు. 25 లక్షల చుక్కలు ఏ దిక్కుకు ఎంత వేగంతో పోతున్నాయో అందులో ఉంది. ఆ పాత లెక్కల్లో బేగంపేట సంపుటాలూ ఉన్నాయి. 2016లో గయా మొదటి ఫలితాలు వచ్చినప్పుడు, దాని సొంత కొలతలకు ఇంకా వయసు చాలక, ఇరవై లక్షల చుక్కలకు హిప్పార్కస్ నాటి స్థానాలనే ఆసరా చేసుకున్నారు.

ఆ తర్వాత గయాకు పాత కొలతల ఆసరా అవసరం తీరిపోయింది. ఈ మాట దాచడం ఎందుకు? అది సొంతంగా పట్టిన నడకల్లోంచే 2018లో ఒక పెద్ద సంగతి బయటపడింది. వెయ్యి కోట్ల ఏళ్ల కిందట మన పాలపుంత ఇంకో గెలాక్సీని మింగిందట. జాతరలో జనమంతా ఒకవైపు పోతుంటే కొందరు ఎదురు నడిస్తే వీళ్లు వేరే ఊరివాళ్లని తెలిసిపోదూ, అలాగే పట్టుకున్నారు. 2024లో గరుడ రాశిలో, రెండు వేల కాంతి సంవత్సరాల దూరాన, సూర్యుడికి 33 రెట్ల బరువున్న కృష్ణబిలం దొరికింది. దాన్ని ఎవరూ చూడలేదు. పక్కనున్న చుక్క ఒకటి దేని చుట్టో ఊగుతోందని కొలతలు పట్టిచ్చాయి.

వాట్సాప్‌లో నాకు వారానికి రెండు సార్లయినా వస్తుంది, మన పూర్వీకులు ఉపగ్రహాలు లేకుండానే విశ్వమంతా కొలిచేశారని. పంపినవాళ్లను బేగంపేట సంగతి అడిగితే తెల్లమొహం వేస్తారు. నిజంగా కొలిచిన లెక్క 12 సంపుటాలుగా కళ్లెదుటే ఉంటే దాన్ని ఫార్వర్డ్ చేసే దిక్కు లేదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్ దిగినప్పుడు మా వీధిలో పటాకులు కాల్చాం, మంచిదే. మన పిల్లలు బడి టూరుకు హైదరాబాద్ పోతే గోల్కొండ చూస్తారు, చార్మినార్ చూస్తారు, జూకు వెళ్తారు. నిజామియా గుమ్మటాలు మాత్రం బేగంపేటలో ఒక పరిశోధన సంస్థ ఆవరణలో పాడుబడ్డాయి. వాటిని బాగుచేసి, ఒక గాజు పలకనీ ఒక సూక్ష్మదర్శినినీ పెట్టి, పిల్లలతో పది చుక్కలు కొలిపిస్తే చాలు. రాకెట్టంత ఖర్చేం కాదు. 1914 నాటి ఆకాశాన్ని ఈ రోజు పోయి ఫొటో తీయగల ఉపగ్రహం ఎవరి దగ్గరా లేదు గనక, ఆ కాలపు పలకల్ని ఎక్కడున్నా కాపాడుకోవాల్సిందే.

ఇదంతా చిన్నమ్మకు చెప్పేసరికి కరెంటు వచ్చింది. ఆమె చివరి కట్టకు దారం బిగిస్తూ అడిగింది.

"మరి గా పలకల మీద కండ్లు పొడుసుకున్నోళ్ల పేర్లేంది?"

డైరెక్టర్ల పేర్లు చెప్పాను. వాళ్లు కాదు, కూసుండి కొలిచినోళ్లవి అంది. నాకు ఒక్కటీ తెలియలేదు.

"నయమే. నాకు పీఎఫ్ కార్డన్న ఉన్నది" అని చాట ఎత్తుకుని కిందికి దిగింది.