నిరాశలో దైవాపేక్ష

సూరతు నగరమున లింబాయత్ ప్రాంతమందు మగ్గముల పని నమ్ముకొని కాపురమున్న మన తెలంగాణ పద్మశాలీలు మార్కండేయుని తమ మూలపురుషునిగా కొలుతురు. పదునాఱేండ్లకే ఆయువు తీరునని తెలిసిన ఆ బాలుడు, యముడు పాశము విసరిన వేళ శివలింగమును కౌగిలించుకొని బ్రతికెనని పురాణము చెప్పుచున్నది. పుట్టిన ఊరు విడిచి, పవర్‌లూముల హోరులో రేయింబవళ్లు శ్రమించి, పని నిలిచిననాడు గది అద్దె చెల్లింపలేక దిగులుపడు కార్మికుని మనస్సునకు ఆ కథ హత్తుకొనుటలో వింత లేదు. భయమునందు దేనినో ఒకదానిని గట్టిగా పట్టుకొనగోరుట జీవలక్షణము. దానిని పరిహసించు హేతువాది మనుష్యుని ఎఱుగనివాడే. అయినను దప్పిక ఎంత తీవ్రమైనను ఎండమావిని నీటిగా మార్పజాలదు.

ఆ అపేక్ష మనస్సులోనే అణగియుండు వేదన మాత్రమే అయినచో దానితో మనకు తగవులేదు. కాని నిరాశచే తెఱువబడిన తలుపున దేవుడు ఒంటరిగా రాడు. ఆయన వెంట మొక్కుబడియు, తాయెత్తు కట్టువాడును, అప్పుచేసి సాగించు తీర్థయాత్రయు, వీనికన్న క్రూరమైన పూర్వాచారమును ప్రవేశించును. 1844లో ఈ సూరతునందే మానవధర్మసభను నెలకొల్పిన దుర్గారామ్ మెహతాజీ మంత్రగాండ్రను బహిరంగముగా సవాలు చేసినది, వారు దీనుల దైన్యముపై బ్రతుకుచుండిరనియే కదా.

ఆ నగరమునందే 1833లో జన్మించిన కవి నర్మద్ చరిత్ర ఈ సందర్భమున తలపోయదగినది. కలమునే నమ్ముకొని జీవింపవలెనని 1858లో ఉపాధ్యాయపదవిని విడిచిన సాహసి ఆయన. 1860లో వితంతు పునర్వివాహమును గూర్చి వైష్ణవ పీఠాధిపతియైన జదునాథ్‌జీ మహారాజుతో బొంబాయిలో వాదమునకు దిగెను. 1864లో ‘దాండియో’ పత్రిక స్థాపించెను. 1869లో తానే ఒక వితంతువును వివాహమాడెను. అట్టివాడు దారిద్ర్యమునకు లోబడి 1882లో మరల కొలువున చేరి, 1885లో ప్రకటించిన ‘ధర్మవిచార్’ గ్రంథమున తన పూర్వ సంస్కరణ పథమునుండి మరలి ప్రాచీన ధర్మమును శరణుజొచ్చి, మఱుసటి యేడు కన్నుమూసెను. చరిత్రాధ్యయనమే ఆయన అభిప్రాయములను మార్చినదను పండితులు కలరు. ఆ మాట త్రోసిపుచ్చదగినది కాదు. కాని చరిత్ర చదివినంత మాత్రమున వితంతువు దుఃఖము తగ్గునా? 1860లో ఆమెకు ఏ హక్కు కలదని ఆయన ఎలుగెత్తి చాటెనో, 1885లోను ఆ హక్కు ఆమెకు అట్లే కలదు. మాఱినది వాదించువాని బలము. ఆయన శాంతిని వెదకికొనుటను నేను తప్పుపట్టను. ఆ శాంతికి మూల్యము చెల్లింపవలసివచ్చినది ఇతర స్త్రీలు గదా అని మాత్రము నా మనస్సు క్షోభించును.

సరిగా ఆ కాలమందే, 1881 డిసెంబరు 11న, మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆయన నాస్తికుడు కాడు, ఈశ్వరుని ప్రార్థించినవాడే. బహిష్కారములును బెదిరింపులును ఆయనకు తక్కువ కాలేదు. అయినను ఆ ఈశ్వరునితోపాటు పూర్వాచారమును ఇంటిలోనికి రానీయలేదు. ఆయనను నిలువబెట్టిన బలము ఏదని విచారించినచో, ప్రార్థనకన్న ముందు మనుష్యులే కనబడుదురు. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. శిష్యులు కావలి కాచిరి. వంటవారు రానినాడు వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే నీళ్లు మోసి పెండ్లివంట వండిరి. అప్పులలో మునిగిన నర్మద్ చుట్టును అట్టి మనుష్యులు తగినందఱు నిలిచియుండినచో ఆయన తుదిగ్రంథము వేఱొకటి అయియుండెడిదని నేను నమ్ముచున్నాను. లింబాయత్‌లో పని కోల్పోయిన నేతగానికి నేడు కావలసినదియు అట్టి తోడే: నెల అద్దె సర్దగల సహాయనిధి, కూలి బకాయి రాబట్టు కార్మిక సంఘము, రాత్రి వచ్చి అతని గోడు వినుచు కూర్చుండు పొరుగువాడు.