మొదటి ఏడాది తూటాలు కొనుక్కోండి



దూరపు గురి రైఫిల్ షూటింగ్ గురించి పోయిన సంచికలో మీరు వేసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇక్కడ టెక్సస్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్లే కొందరు ఈ ఆటలోకి వస్తున్నారు కాబట్టి అలాంటి వ్యాసాలు ఇంకా రావాలి. అయితే కొత్తగా రైఫిల్ పట్టినవాళ్లు మొదటి రోజు నుంచే తూటాలు ఇంట్లో తయారు చేసుకోవాలనీ, ఫ్యాక్టరీ తూటాతో గురి కుదరదనీ, పైగా అది డబ్బు దండగనీ రాసిన మాటలు మాత్రం ఒప్పుకోలేను. ఇలా ఇంట్లో తూటాలు చేసుకునే రీలోడింగ్ నేనూ చేసేవాణ్ణే. ఆ పని మీద ఉన్న ఇష్టంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు గురి సంగతి. కొత్తవాళ్లు ఎక్కువగా కొనే 6.5 క్రీడ్‌మోర్ తూటానే తీసుకుందాం. హార్నడీ కంపెనీ 2007లో దీన్ని తెచ్చినప్పుడే, కొట్లో కొన్న తూటాతో పోటీలో నిలబడగలగాలన్నది దాని వెనకున్న ఒక ఉద్దేశం. 140 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుందనుకోండి. ఆ వేగం 10 అడుగులు తగ్గితే 600 గజాల దగ్గర దెబ్బ ఒక అంగుళం లోపే కిందికి దిగుతుంది. అదే, అడ్డంగా వీచే గాలిని గంటకు ఒక్క మైలు తప్పుగా లెక్కేస్తే రెండంగుళాలకు పైగా పక్కకు పోతుంది. 1,000 గజాల దగ్గర ఆ వేగం తేడాకు రెండున్నర, మూడు అంగుళాలు పోతే, గాలిలో ఆ ఒక్క మైలుకు ఏడంగుళాల దాకా పోతుంది. కొత్తవాడు గాలిని ఒక మైలు కాదు, మూడు నాలుగు మైళ్లు తప్పుతాడు. తుపాకి మందు గింజ గింజా తూచి అతను వేగాన్ని ఎంత సరిచేసుకున్నా, గడ్డి ఏ వైపుకు ఎంత వంగుతోందో, స్కోప్‌లో ఎండమావి ఎటు పారుతోందో చూడడం రాకపోతే ఆ శ్రమ లక్ష్యం దాకా చేరదు. ట్రిగ్గర్ నొక్కే ముందు భుజం బిగిసిపోవడం, పేలగానే తల పైకెత్తడం లాంటివి కూడా వందల తూటాలు కాలిస్తే తప్ప పోవు.

ఇంకో కష్టం ఉంది. లక్ష్యం మీద తూటా గుర్తుల గుంపు చెదిరినప్పుడు తప్పు తనదా, తూటాదా అన్నది రీలోడింగ్‌తో మొదలుపెట్టినవాడికి తేలదు. మంచి మ్యాచ్ తూటా కొని కాలిస్తే ఆ అనుమానం చాలావరకు తీరిపోతుంది. మూడు నాలుగు రకాలు ఒక్కో పెట్టె కొని, మీ బ్యారెల్‌కు ఏది నప్పిందో చూసి, ఆ పెట్టె మీదున్న లాట్ నంబరుతోనే వీలైనన్ని తీసుకోండి. 50 మీటర్ల రైఫిల్‌లో ప్రపంచమంతా ఇదే పద్ధతి. అక్కడ వాడే .22 తూటాలో మందును అంటించే పేలుడు పదార్థం (ప్రైమర్) అంచులోనే ఉంటుంది, ఆ తూటాను మామూలుగా మళ్లీ నింపే వీల్లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన పోటీ ఆ తూటాదే. ఫ్యాక్టరీ తూటాతో గురి కుదరదన్న మాట ఇక ఎలా నిలుస్తుంది?

డబ్బు లెక్క కూడా వ్యాసంలో చెప్పినంత సులువుగా లేదు. ఈ మధ్య నేను చూసిన ధరల్లో మ్యాచ్ తూటా సుమారు డాలరున్నర నుంచి రెండు డాలర్లు. ఇంట్లో చేస్తే బుల్లెట్, ప్రైమర్, మందు కలిపి తొంభై సెంట్లు, డాలరు అవుతుంది. ఒక పౌను మందులో 7,000 గ్రెయిన్లు ఉంటాయి, తూటాకు 42 గ్రెయిన్లు పోస్తే 166 తూటాలు వస్తాయి. కానీ ప్రెస్సు, డైలు, త్రాసు, ట్రిమ్మరు, క్యాలిపర్లు కొనేసరికి ఏడెనిమిది వందల డాలర్లు కరిగిపోతాయి. అవి తిరిగి రావాలంటే వెయ్యి తూటాలైనా కాల్చాలి. ఫ్యాక్టరీ తూటాలు కాల్చినవాడికేమో ఖాళీ ఇత్తడి కేసులు మిగులుతాయి, అవీ తన రైఫిల్ చాంబర్‌కు తగ్గట్టు సాగినవి. రేపు రీలోడింగ్ మొదలుపెడితే ఆ కేసులే పెట్టుబడి. 2020 తరవాత ప్రైమర్లు దొరక్క అంగళ్లలో అరలు ఖాళీగా కనిపించిన రోజులు కూడా గుర్తుంచుకోవాలి.

వ్యాసం తేలిగ్గా దాటేసిన విషయం భద్రత. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే. కేసును డైలో వెనక్కి నొక్కేటప్పుడు దాని భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) అంగుళంలో వెయ్యింట రెండు వంతులు జరిగితే చాలు. అంతకు మించి ప్రతిసారీ జరిపితే కేసు అడుగుకు కాస్త పైన ఇత్తడి లోపల్లోపల పలచబడుతుంది. పేపర్ క్లిప్పు కొస వంచి కేసు లోపలి గోడ మీద కిందినుంచి పైకి లాగితే, ఆ చోట గీతలో పడినట్టు తగులుతుంది. అలా తగిలితే ఆ కేసు చెత్తబుట్టకే. పట్టించుకోకపోతే ఒకనాడు చాంబర్‌లోనే విడిపోయి మంటలాంటి వాయువు ముఖం వైపు తన్నొచ్చు. పిస్తోలు మందు పొరపాటున రైఫిల్ కేసులో పడితే రైఫిలే పగిలిపోవచ్చు. అందుకే బల్ల మీద ఒకసారికి ఒక్క మందు డబ్బానే ఉండాలి. కాలిన ప్రైమర్లలో సీసం ఉంటుంది, ఆ ధూళి పిల్లలు అన్నం తినే బల్ల మీద పడకూడదు. ఇవన్నీ అనుభవజ్ఞుడి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవి, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి అర్ధరాత్రి ఒంటరిగా నేర్చుకునేవి కావు.

ఆ వ్యాసంలో లేని ఇంకో ముక్క. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీదున్నవాళ్లు తుపాకే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడం కూడా ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏదీ కొనకముందే లాయర్ని అడగాలి.

రాబోయే సంచికల్లో గాలి చదవడం మీద ఒక వ్యాసం వేయించండి. రీలోడింగ్ మీద మళ్లీ రాయిస్తే మాత్రం పక్కనే ఈ జాగ్రత్తలు కూడా అచ్చు వేయమని మనవి.

భవదీయుడు,
ఆస్టిన్ నుంచి ఒక పాఠకుడు