కాకీ, తాటిపండూ

మన కావ్యాల్లో నాయికకు ఎడమకన్ను అదిరిందంటే మంచిరోజులు వచ్చాయన్నమాటే. అదే కన్ను మగవాడికి అదిరితే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో నాకు ఎడమరెప్పే అదురుతుంది. డాక్టరుగారితో చెబితే, "రోజుకు ఎన్ని కాఫీలు?" అన్నారు. కాఫీ, నిద్రలేమి, అలసట కలిస్తే రెప్ప అదరడం మామూలేనట!

కాఫీతో పోయేది సరే. మందు సంగతి వచ్చేసరికి ఇంత తేలిక కాదు. ఈ మధ్య మా కాలేజీ మిత్రుడొకరు దిగాలుగా, "మావాడికి ఆ మందు ఆపేద్దామనుకుంటున్నానండీ" అన్నారు. పిల్లవాడికి ఎనిమిదేళ్ళు. ఒకచోట కుదురుగా కూర్చోలేడు. ఒక లెక్క చేసేలోగా రెండోది మరిచిపోతాడు. డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ రాసి ఇచ్చాడు. చదువులో నిలకడ వచ్చింది. కాని రెండు నెలలు తిరక్కుండానే కళ్ళు టపటపలాడించడం, భుజం ఎగరెయ్యడం మొదలయ్యాయి. తండ్రి మందును అనుమానించాడు. తల్లి దిష్టి తీసింది. టీచరు, తనను వెక్కిరిస్తున్నాడని బెంచీ ఎక్కించింది.

ఈ మందును 1944లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారు చేశాడు. భార్య ముద్దుపేరు రీటా కావడంతో మందు 'రిటాలిన్' అయింది. మన కవులు కావ్యాలు అంకితమిస్తే ఆయన మాత్రను అంకితమిచ్చాడు!

మెదడులో డోపమిన్ అనే పదార్థం శ్రద్ధకూ కావాలి, కండరాల కదలికకూ కావాలి. ఈ మందు దాన్ని మరికాస్త సేపు నిలిపి ఉంచుతుంది. అంచేత కదలికలు హెచ్చుతాయేమోనని వైద్యులే చాలా కాలం జంకారు. కాని 2015లో 22 పరిశోధనలను, 2,385 మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. మందు మింగిన వాళ్ళలో నూటికి 5.7 మందికి, ఉత్తుత్తి మాత్ర మింగిన వాళ్ళలో 6.5 మందికి ఈ కదలికలు కొత్తగా రావడమో, హెచ్చడమో జరిగింది.

దీన్నే మనవాళ్ళు కాకతాళీయమన్నారు. కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగాయి. నేరం కాకిమీద పడింది. నిలకడలేమికి మందు మొదలుపెట్టే వయస్సూ, ఈ కదలికలు బయటపడే వయస్సూ దాదాపు ఒకటే. పైగా రెండూ ఒకే పిల్లవాడిలో తరచు కనిపిస్తాయి. కదలికలు వస్తూంటాయి, పోతూంటాయి. పది పన్నెండేళ్ళ ప్రాయంలో ముదిరి, చాలామందికి యౌవనం వచ్చేసరికి తగ్గుతాయి.

అలాగని కాకిని పూర్తిగా విడిచిపెట్టలేం. ఏ ఒక్క పిల్లవాడికో మందు వల్లనే హెచ్చవచ్చు. అప్పుడు మోతాదు తగ్గించాలో, మందే మార్చాలో డాక్టరు చూసుకుంటాడు. ఇక పరీక్షల ముందు రాత్రిళ్ళు మేలుకోవడానికి దొంగచాటుగా మాత్రలు మింగే కుర్రాళ్ళ సంగతి వేరు. యాంఫెటమిన్ జాతి మందులు మోతాదు మించితే కాళ్ళూ చేతులూ వాటంతటవే మెలికలు తిరగవచ్చు. అక్కడ నేరం అచ్చంగా కాకిదే.

మిత్రుడితో ఒకటే అన్నాను: "మాస్టారూ, మందు ఆపేముందు ఒక నోటుబుక్కు కొనండి. ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు అన్నది రాసి డాక్టరు ముందు పెట్టండి. పిల్లవాణ్ణి మాత్రం గద్దించకండి. గద్దించినకొద్దీ అవి ఎక్కువవుతాయి."

ఆయన అలాగే చేశారు. డాక్టరు మందు కొనసాగించమన్నాడు. కుర్రవాడి కళ్ళు ఇంకా టపటపలాడుతూనే ఉన్నాయి. కాని ఇప్పుడు నోటుబుక్కు పట్టుకున్న తండ్రి తప్ప ఇంట్లో వాటిని లెక్కపెట్టేవారు లేరు.