పాత కారుకు కొత్త చారలా?

పాత స్పోర్ట్స్ కారుకు మళ్ళీ రంగు వేయించేవారిలో చాలామందికి బానెట్ నుంచి డిక్కీ దాకా రెండు చారలు ఉండాలని ముచ్చట. ఆ చారలు ఎక్కడివో మీకు తెలుసా?

ఒకప్పుడు పందెపు కార్లకు దేశాన్నిబట్టి రంగు ఉండేది. ఇంగ్లండుకు ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకు నీలం, అమెరికాకు తెలుపు మీద నీలి చారలు. 1951లో ఫ్రాన్సులోని ల మాన్ పందానికి అమెరికా నుంచి వచ్చిన బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ కార్లవి ఆ రంగులే.

1965 నాటి షెల్బీ మస్టాంగ్ జి.టి.350నే తీసుకోండి. తెల్లని కారు. పక్కల అడుగున సన్నని నీలి చారలు మామూలుగానే వచ్చేవి. పైన వెడల్పు చారలు కోరినవారికే. చాలా కార్లు అవి లేకుండానే అమ్ముడయ్యాయి. అలాంటి కారుకు ఈనాడు చారలు గీయిస్తే, దాని చరిత్రను మనం తప్పుగా రాసినట్టే అని నా అభిప్రాయం.

ఉప్పుకాగితంతో పాత రంగు రుద్దేటప్పుడు పొరలు గమనించండి. అడుగున చార ఆనవాలుంటే నిస్సంకోచంగా గీయించండి. లేకుంటే ఒక్క రంగే అందం. మనసు ఊరుకోదంటారా? స్టిక్కరు చారలు అంటించండి, ఊడదీయవచ్చు. ఏళ్ళ తరబడి మాత్రం ఉంచకండి. చుట్టూ రంగు ఎండకు వెలిసి, తీశాక అచ్చు మిగులుతుంది.