కోనేరు రంగారావు నివేదిక ఏ బీరువాలో ఉంది?

తిరువూరు ఎమ్మెల్యేల్లో కోనేరు రంగారావు గారిని పెద్ద మనిషని అన్ని పార్టీల వాళ్లూ ఒప్పుకుంటారు. ఆయన అధ్యక్షతన తయారైన భూమి కమిటీ నివేదిక మాటెత్తితే మాత్రం ఎవరూ నోరు మెదపరు. నెమలి చుట్టుపక్కల సేద్యం చేసుకునే మాకు కావలసింది ఆ నివేదికే.

రంగారావు గారు గూడవల్లి సర్పంచిగా మొదలై పైకొచ్చిన దళిత నాయకుడు. 1989లో కాంగ్రెస్ తరఫున తిరువూరులో గెలిచారు. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వంలో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1994లోనూ 1999లోనూ సీటు తెలుగుదేశానికి పోయింది. 2004లో మళ్లీ గెలిచి వై.ఎస్. మంత్రివర్గంలో పురపాలక శాఖ చూశారు. 2010లో కన్నుమూశారు. పదవులదేముంది, చాలామందికి వచ్చాయి, పోయాయి.

2004 చివర్లో ప్రభుత్వం భూ సమస్యలపై కమిటీ వేసి, ఆయన్ని అధ్యక్షుణ్ని చేసింది. చూసే శాఖ పట్టణాలది, అప్పగించిన పని పొలాలది! అయినా కమిటీ మొక్కుబడిగా పని ముగించలేదు. 2006 నాటికి 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. అసైన్డ్ భూములు, సీలింగు మిగులు, ఇనాములు, దేవాదాయ భూములు, భూదానం, గిరిజనుల భూములు, కౌలు, రికార్డులు, అన్నీ తడిమింది. కాగితం మీద పట్టా ఉండి పొలం దక్కనివాడు, పొలం దున్నుతూ కాగితం లేనివాడు, ఇద్దరి గోడూ ఒకేచోట ప్రభుత్వ నివేదికకు ఎక్కడం చిన్న సంగతి కాదు.

ప్రభుత్వం ఏం చేసింది? కొన్ని సిఫార్సులు ఒప్పుకున్నామంది. జీవోలు ఇచ్చింది. పేదలకు భూమి పంచాలని, ఈ కమిటీ సిఫార్సులు అమలు చేయాలని 2007లో వామపక్షాలు రాష్ట్రమంతా భూపోరాటానికి దిగాయి. జులై 28న బంద్ జరుగుతుండగా, మనకు పొరుగునే ఉన్న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసులు కాల్పులు జరిపి ఏడుగురి ప్రాణాలు తీశారు. తన కమిటీ చెప్పింది చేయమని అడిగినవాళ్ల మీదే తుపాకీ పేల్చిన ప్రభుత్వమది! ఆనాడు రంగారావు గారు ఆ పక్షం ఎమ్మెల్యేనే. ఆ పక్షంలోనే ఉండిపోయారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది, కానీ ఈ మాట దాచిపెట్టి గౌరవించలేం.

తర్వాత వచ్చినవాళ్లు ఇంతకన్నా ఉద్ధరించిందీ లేదు. పేదల చేయి దాటిపోయిన అసైన్డ్ భూమిని 1977 చట్టం ప్రకారం తిరిగి వాళ్లకు ఇప్పించాలన్నది ఎప్పటినుంచో ఉన్న కోరిక. 2023లో ఆ చట్టాన్నే సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. పేదవాడికి హక్కు ఇచ్చామని చెప్పుకున్నారు. అప్పుల్లో మునిగినవాడికి అమ్ముకునే హక్కు ఇస్తే ఆ భూమి ఎవరి చేతికి పోతుందో మన ఊళ్లలో చిన్నపిల్లవాణ్ని అడిగినా చెబుతాడు.

కౌలుదారు సంగతి మరీ అన్యాయం. 2011 చట్టంతో రుణ అర్హత కార్డులు వచ్చాయి. కార్డు చేతికొచ్చినంత తేలిగ్గా బ్యాంకు అప్పు రాలేదు. 2019లో దాన్ని తీసేసి సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమోనని రైతు భయం. చివరికి పత్తి, మిరప వేసి పెట్టుబడి పెట్టేది ఒకరు, పంట రుణం రాసుకునేది ఇంకొకరు. వాన దెబ్బకు పంట పోయినప్పుడు నష్టపరిహారం జాబితాలో కూడా వెతుక్కోవాల్సింది యజమాని పేరే.

నెమలి వేణుగోపాలస్వామి దర్శనానికి రాని నాయకుడు లేడు. ఈసారి వచ్చినప్పుడు మన సంఘం సభ్యులు ఎదురెళ్లి మూడు మాటలు అడగాలి. 104 సిఫార్సుల్లో ఏది అమలైందో, ఏది మూలన పడిందో అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టించాలి. యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభలో తేల్చి కౌలు కార్డు ఇవ్వాలి. అసైన్డ్ భూములు ఎవరి పేర ఉన్నాయో, ఎవరు దున్నుతున్నారో ఊరూరా సర్వే చేసి పంచాయతీ గోడకు అంటించాలి. రంగారావు గారు కూర్చున్న కుర్చీలోనే ఇప్పటి ఎమ్మెల్యే కూర్చున్నారు కాబట్టి, మొదటి వినతిపత్రం ఆయనకే ఇస్తాం. జవాబు ఏం వచ్చిందో, అసలు వచ్చిందో లేదో, వచ్చే సంచికలో అచ్చేస్తాం.